2023 కాస్తా 2093 ఎందుకయింది?

ప్రశ్న: ఎక్సెల్‌లో 15-08-2023 అని చక్కగా కనిపించే తేదీ 'ఆర్' సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చేసరికి 2093 ఆగస్టు 16 అయింది. స్టాటాలో 2083 వచ్చింది. ఎందుకిలా? ఎలా సరిచేయాలి?

ఎక్సెల్ ఆ గడిలో దాచుకున్నది 45153 అనే అంకె. 1900 జనవరి 1ని ఒకటో రోజుగా పెట్టుకుని అది వరసగా రోజులు లెక్కపెడుతుంది. మనకు కనబడే తేదీ ఆ అంకెకు తొడిగిన చొక్కా మాత్రమే. దిగుమతిలో చొక్కా ఊడిపోయి, ఒక్కోసారి వట్టి అంకె చేతికొస్తుంది. ఆర్ 1970 జనవరి 1 నుంచి, స్టాటా 1960 జనవరి 1 నుంచి లెక్క మొదలుపెడతాయి. అంకె అదే, మొదలు వేరు. అందుకే ఒకచోట డెబ్బై ఏళ్లు, మరోచోట అరవై ఏళ్లు ముందుకు జరిగింది.

ఆర్‌లో ఆరిజిన్‌గా 1899-12-30 ఇవ్వండి. స్టాటాలో అయితే అంకెలోంచి 21916 తీసేయండి. 1900 జనవరి 1 ఇస్తే ఏమవుతుందంటారా? రెండు రోజులు ఎక్కువ వస్తుంది. ఎక్సెల్ లెక్క సున్నాతో కాక ఒకటితో మొదలవడం వల్ల ఒక రోజు. రెండోది, లేని రోజు: 1900 లీపు సంవత్సరం కాకపోయినా ఎక్సెల్ ఆ ఏడు ఫిబ్రవరి 29 ఉందనుకుంటుంది. అంతకుముందు స్ప్రెడ్‌షీట్ లోటస్ 1-2-3లో ఉన్న పొరపాటిది. ఆ షీట్లతో లెక్క కలవాలని ఎక్సెల్ తెలిసే ఉంచుకుంది.

కాబట్టి ముందు తేడా ఎంతో కొలవండి. సరిగ్గా 1462 రోజులు, అంటే నాలుగేళ్ల మీద ఒక రోజు తేడా ఉంటే, ఆ ఫైలు 1904 నుంచి లెక్కపెట్టే పాత మ్యాక్ పద్ధతిది.

ఇవన్నీ చూడగానే పట్టుబడే తప్పులు. నాకు భయం పట్టుబడని తప్పంటేనే. కంప్యూటర్ అమెరికా అమరికలో ఉంటే, మనం ఏప్రిల్ 3 అనుకుని రాసిన 03/04/2024 దానికి మార్చి 4. 13/04/2024లో పదమూడో నెల ఉండదు గనక దాన్ని అక్షరాలుగా వదిలేస్తుంది. ఒకే నిలువు వరసలో కొన్ని తారుమారైన తేదీలు, కొన్ని ఉత్త అక్షరాలు! జూన్, జులైలలో రాసిన జ్వరాల రిజిస్టరును ఇలా తెరిచారనుకోండి. జనవరి నుంచి డిసెంబరు దాకా కేసులు కనిపిస్తాయి, అన్నీ ఆయా నెలల 6, 7 తేదీల్లోనే. అక్షరాలుగా మిగిలిన 12 తర్వాతి తేదీల గడులు దిగుమతిలో చాలాసార్లు ఖాళీగా వస్తాయి. ఆ ఖాళీలను 'డేటా లేదు' అని తుడిచేశారా, ప్రతి నెలలోనూ సగానికి పైగా రోగులు లెక్కలోంచి పోయినట్టే. అందుకే దిగుమతి కాగానే నెలవారీగా, తేదీవారీగా ఒక పట్టిక వేసి చూడండి.

ఇక్కడ ఫార్మాట్ మార్చి లాభం లేదు. లోపలి అంకే తప్పు. మూల సీఎస్‌వీ ఉంటే దాన్ని నొక్కి తెరవకుండా, ఎక్సెల్ డేటా మెనూలోంచి దిగుమతి చేస్తూ ఆ వరసను టెక్స్ట్‌గా తీసుకోండి. తర్వాత ఆర్‌లో రోజు-నెల-సంవత్సరం అని వరస చెప్పి మార్చండి. సీఎస్‌వీ లేకపోతే గడులు చూడండి: ఎవరూ అమరిక మార్చకుండా ఉంటే, ఎడమకు ఒదిగినవి అక్షరాలు, కుడికి ఒదిగినవి తారుమారైన తేదీలు. కుడివైపు వాటికే రోజును, నెలను తారుమారు చేసి, ఓ పాతికింటిని కాగితం రిజిస్టరుతో పోల్చుకోండి.