కొలిమి పక్కన కాపురం

టెక్సాస్‌లో డాలస్ నగరం దాటి పల్లె దారి పడితే, పచ్చికబీళ్ల మధ్య గోదాముల్లాంటి కట్టడాలు కనిపిస్తాయి. గోడలూ కప్పూ అంతా రేకే. ఒక చివర ట్రాక్టరు పట్టేంత షట్టరు తలుపు, రెండో చివర వరండా, కిటికీలకు తెరలు, గుమ్మం ముందు పూలకుండీలు. సగం వర్క్‌షాప్, సగం కాపురం. వీటిని అక్కడ బార్న్‌డోమినియం అంటారు. గడ్డీ గింజలూ పశువులూ ఉండే కొట్టానికి ఇంగ్లీషు పేరు బార్న్. దానికి సొంత ఫ్లాటు అనే అర్థమున్న కాండోమినియం తోక తగిలించారు. వడ్రంగి, వెల్డరు, రైతు, సెలవు రోజున పాత కార్లు విప్పి బిగించే సరదా ఉన్న ఉద్యోగి, ఇలా పనీ కాపురమూ ఒకే కప్పు కింద సాగాలనుకునేవారికి ఇది నచ్చిన నమూనా. డాలస్, ఆస్టిన్ చుట్టుపక్కల తెలుగువారు వేల సంఖ్యలో ఉన్నారు కాబట్టి ఈ ఇంటి సంగతి మనకు మరీ పరాయిదేమీ కాదు. ఇలాంటి ఇల్లు అమ్మే కంపెనీల కరపత్రంలో ముందు కనిపించేవి రేకు రంగు, కొలతలు, ధర. కట్టించుకునేవారూ చాలామంది అక్కడి నుంచే మొదలుపెడతారు. అలా మొదలుపెట్టడమే పొరపాటు. ఈ ఇంటి ప్లానులో మొదటి గీత బయటి రేకుది కాకూడదు. ఇంటికీ వర్క్‌షాప్‌కీ నడుమ నిలిచే గోడది కావాలి.

రేకులో కాపురం అమెరికాకు కొత్త కాదు. 1941లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని క్వాన్‌సెట్ పాయింట్ దగ్గర ఆ దేశపు నౌకాదళం సగం గొట్టంలా వంచిన రేకుతో గుడారాలకు బదులు గట్టి షెడ్లు తయారుచేయించింది. యుద్ధం ముగిశాక మిగిలినవాటిని జనం కొని కొట్లుగా, ఇళ్లుగా మార్చుకున్నారు. బార్న్‌డోమినియం అన్న మాట 1989లో కనెక్టికట్ బిల్డర్ కార్ల్ నిల్సన్ నోట వచ్చింది. ఆయన ఉద్దేశం గుర్రాలను పెంచుకునేవారి కోసం లాయం పక్కనే ఇల్లు. 2016లో టెక్సాస్‌లోని వాకో ప్రాంతంలో తీసిన ‘ఫిక్సర్ అప్పర్’ టీవీ కార్యక్రమంలో అలాంటి ఇల్లు ఒకటి కనబడ్డాక ఆ మాట దేశమంతా పాకింది. గుర్రం స్థానంలోకి కారు, వెల్డింగ్ మిషను, రంపం వచ్చాయి. పేరు అదే ఉన్నా లోపలి వ్యవహారం పూర్తిగా మారిపోయింది. గుర్రం మంట పుట్టించదు, విషవాయువు వదలదు.

ముందు ఆ రేకు ఏం చేయగలదో, ఏం చేయలేదో చూద్దాం. ఎండా వానా మీద పడకుండా కాయడం దాని పని, ఆ పని బాగానే చేస్తుంది. ఇల్లంటే అంతే కాదు గదా. స్టీలులో వేడి చెక్కలో కంటే సుమారు 400 రెట్లు సులువుగా ప్రవహిస్తుంది. అందుకే ఇన్సులేషన్ దట్టించాం, ఇక ఫరవాలేదు అనుకోవడానికి లేదు. వేడిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలతను ఆర్ విలువ అంటారు. 16 అంగుళాలకొకటి చొప్పున నిలబెట్టిన స్టీలు స్టడ్ల (గోడ లోపలి నిలువు కమ్మీల) మధ్య ఆర్-13 ఇన్సులేషన్ నింపితే, ఆ గోడలో అది చేసే పని ఆర్-6 దగ్గరే ఆగిపోతుంది. మిగతా వేడి స్టడ్ల వెంట దాటిపోతుంది. ఇక రేకు నిలకడగా ఉండే వస్తువూ కాదు. 12 మీటర్ల పొడవున్న రేకు సున్నా డిగ్రీల చలికాలపు తెల్లవారుజాముకీ, 65 డిగ్రీలకు కాలే వేసవి మధ్యాహ్నానికీ మధ్య దాదాపు 9 మిల్లీమీటర్లు సాగుతుంది. పైకి కనిపించే స్క్రూలతో బిగించిన కప్పులో ఆ సాగుడంతా స్క్రూ రంధ్రాల మీద పడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ రంధ్రం కోలగా సాగుతుంది, దాని కింది రబ్బరు వాషర్ ఎండి పగులుతుంది, చుక్క చుక్కగా కారడం మొదలవుతుంది. గోదాములో ఆ చుక్క కింద బకెట్టు పెడితే సరిపోతుంది. పడకగది సీలింగులో అయితే అది మరకై, బూజై, మొత్తం విప్పదీసే దాకా తెస్తుంది.

బయటి నీటికంటే లోపలి నీరు ఇంకా మొండిది. చల్లని సీసా బయట చెమటపట్టినట్టే చల్లబడ్డ రేకుకు లోపలివైపు చెమట పడుతుంది. ఇంట్లో గాలి 21 డిగ్రీల వేడితో, 50 శాతం తేమతో ఉందనుకుందాం. ఆ గాలి 10 డిగ్రీలున్న ఏ వస్తువుకు తగిలినా నీరు విడుస్తుంది. చలికాలపు నిర్మలమైన రాత్రి రేకు తన వేడిని ఆకాశానికి వదిలేసి చుట్టూ ఉన్న గాలికంటే కూడా చల్లబడుతుంది, కాబట్టి ఆ 10 డిగ్రీల గీత కిందికి జారడం దానికి తేలిక. వర్క్‌షాప్ ఈ లెక్కను మరింత బిగిస్తుంది. చలికి పొగగొట్టం లేని ప్రొపేన్ హీటరు పెట్టుకుంటే, కిలో ప్రొపేన్ మండినప్పుడల్లా కిలో ఆరు వందల గ్రాముల నీరు ఆవిరిగా పుడుతుంది. ఒక సాయంత్రం రెండు కిలోలు మండితే మూడు లీటర్లకు పైగా నీటిని గదిలో చల్లినట్టే. ఆ ఆవిరి వర్క్‌షాప్‌లోనే ఉండిపోదు. దారి దొరికిన చోటల్లా ఇంటివైపు వచ్చి, అక్కడి చల్లని రేకు వెతుక్కుంటుంది. కప్పు కారుతోందని ఇంటివారు పైకి చూస్తుంటారు. కారణం పక్కగదిలో మండుతూ ఉంటుంది.

ఆ దారులన్నీ ఎక్కడున్నాయో చూడాలంటే మధ్య గోడ దగ్గరికి రావాలి. మామూలు రేకు షెడ్డుకు ఈ చివర నుంచి ఆ చివరికి ఒకటే కప్పు. లోపల గదులు కట్టేవారు గోడను సీలింగు ఎత్తుకు లేపి ఆపేస్తారు. కింద నిలబడి చూస్తే ఇల్లు వేరు, వర్క్‌షాప్ వేరు. సీలింగు మీదికి ఎక్కి చూస్తే రెంటికీ ఒకటే అటక. పొగ, పెట్రోలు ఆవిరి, నిప్పు అన్నీ గోడ నెత్తి మీదుగా నడిచి వస్తాయి. గోడను కప్పుదాకా లేపినా పని పూర్తయినట్టు కాదు. రేకు అడుగున మడత మడతకీ ఓ ఖాళీ ఉంటుంది. ఆ అలకు సరిపడా కత్తిరించిన ముక్కలూ సీలెంటూ పెట్టి మూసేవరకు ఆ గోడ జల్లెడే. స్విచ్చు బోర్డుల రంధ్రాలు, పైపులు దూరిన చోట్లు, తలుపు కింది సందు ఇవన్నీ అదే కోవ. ఆ సందుల్లోంచి గాలి ఎటు వెళ్తుందో ఇంట్లోని ఫ్యాన్లు నిర్ణయిస్తాయి. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను వేయగానే ఇంట్లో గాలి ఒత్తిడి కాస్త తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి గాలి ఎక్కడినుంచైనా రావాలి. దగ్గరగా ఉన్నది వర్క్‌షాపే. అంటే పోపు ఘాటు బయటికి పోవాలని ఫ్యాను వేసిన చేయే, అక్కడ నడుస్తున్న ఇంజను పొగను లోపలికి పిలుస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. వెల్డింగ్ పొగనూ చెక్కపొడినీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాలని రుజువైన మొదటి వర్గంలోనే పెట్టింది.

నిప్పు సంగతి మరీ సూటిగా ఉంటుంది. వెల్డింగ్ చేసేచోట మండే వస్తువులేవీ 35 అడుగుల లోపు ఉండకూడదన్నది అమెరికాలో అగ్ని భద్రతా ప్రమాణం, ఎందుకంటే రవ్వలు అంత దూరం ఎగిరి, దొర్లి, సందుల్లో దూరగలవు. 40 అడుగుల వర్క్‌షాప్‌లో నడిమధ్య వెల్డింగ్ బల్ల వేస్తే మధ్య గోడ 20 అడుగుల దూరంలోనే ఉంటుంది. అక్కడ చాలా రాష్ట్రాలకు మాతృకగా ఉన్న ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ ఇంటికి ఆనుకున్న గ్యారేజీకి కొన్ని నియమాలు పెట్టింది. గ్యారేజీవైపు కనీసం అర అంగుళం జిప్సం బోర్డు ఉండాలి. పైన నివాసపు గది ఉంటే సీలింగుకు 5/8 అంగుళం మందంతో మంటను తట్టుకునే రకం కావాలి. మధ్య తలుపు గట్టి చెక్కదో స్టీలుదో అయి 1 3/8 అంగుళాల మందం ఉండాలి, లేదా 20 నిమిషాలు మంటను ఆపేదిగా ధ్రువపడి ఉండాలి. ఆ తలుపు పడకగదిలోకి తెరుచుకోకూడదు. ఇన్ని నియమాలు మామూలు కారు నిలిపే గది కోసం. జిప్సం బోర్డే ఎందుకంటే, దాని బరువులో ఐదోవంతు రసాయనికంగా కట్టుబడి ఉన్న నీరే. మంట తగిలితే ఆ నీరు ఆవిరైపోయేదాకా వెనకవైపు పెద్దగా వేడెక్కదు. దొరికే ఆ కొద్ది నిమిషాలు పిల్లల్ని లేపి బయటపడడానికి. బార్న్‌డోమినియంలో చాలామందికి ముచ్చటైన అటక పడకగది సరిగ్గా వర్క్‌షాప్ నెత్తిమీద వస్తుంటే, ఆ ముచ్చటను ఇంకోవైపు జరపడం మేలు.

మధ్య గోడ ఎక్కడో తేలితే మిగతా నిర్ణయాలు వాటంతటవే వరస కడతాయి. అన్నిటికంటే ముందు నేల, ఎందుకంటే కాంక్రీటు పోశాక దాన్ని సవరించడం కష్టం. డాలస్ నుంచి ఆస్టిన్ దిశగా సాగే నేల మన నల్లరేగడికి అక్కచెల్లెలు. మట్టి శాస్త్రం రెండింటినీ ‘వెర్టిసాల్’ అన్న ఒకే తరగతిలో చేర్చింది. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే ఆ మట్టి మీద గోడలు బీటలు వారడం తెలంగాణ, రాయలసీమ మేస్త్రీలకు చెప్పాల్సిన పని లేదు. పెద్ద ఇనుప ఫ్రేములు తమ భారాన్నంతా కొన్ని స్తంభాల కాళ్ల మీదే మోపుతాయి, పైగా ఆ కాళ్లను బయటికి తోస్తుంటాయి. గాలివాన వచ్చినప్పుడు తేలికైన రేకు కట్టడం పైకి లేవబోతుంది. అప్పుడు పునాది దాన్ని మోయడం కాదు, పట్టి ఉంచాలి. ఇంటివైపు కాంక్రీటులో నీటి పైపులు పాతుకుంటాయి. వర్క్‌షాప్‌వైపు కారును పైకెత్తే లిఫ్టు స్తంభాలు దిగుతాయి, ఆ నేల ఇంటికంటే కొంత పల్లంగా, తలుపువైపు వాలుగా ఉంటే ఒలికిన పెట్రోలూ నీరూ గుమ్మం దాటవు. ఆ తర్వాత కరెంటు. ఒక మోస్తరు వెల్డింగ్ మిషనుకు 240 వోల్టుల మీద 50 ఆంపియర్ల లైను కావాలి, కాబట్టి వర్క్‌షాప్‌కు విడిగా ప్యానెల్ బోర్డు తప్పదు. రేకు రంగు ఈ వరసలో చిట్టచివరిది.

ఇంత తంటా ఎందుకు, షెడ్డు వేరుగా కడితే పోలేదా అనవచ్చు. అది బలమైన అభ్యంతరమే, కొన్ని పనులకు అదే సరైన జవాబు కూడా. స్ప్రే పెయింటింగు, రోజంతా సాగే వెల్డింగ్ చేసేవారు కాపురాన్ని దూరం పెట్టుకోవాలి. రెంటినీ కలుపుతూ పైకప్పు మాత్రమే ఉన్న తెరిచిన నడవా వేస్తే వానలో తడవకుండానే గాలి అడ్డుగోడ దొరుకుతుంది. అయితే వడ్రంగం, చిన్న మరమ్మతులు, కుట్టుపని లాంటివి చేసేవారికి రెండు పునాదులు, రెండు కప్పులు, రెండు లైన్లు అంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. వారికి కలిపి కట్టడమే లాభం, మధ్య గోడ మీద పిసినారితనం చూపకపోతే. ఇంకొందరు ఫోమ్ కొట్టిస్తే రేకు చెమట ఆగిపోతుంది గదా అంటారు. రేకుకు అంటుకుపోయే గట్టి రకం స్ప్రే ఫోమ్ నిజంగానే చెమటను ఆపుతుంది. కానీ ఫోమ్ తానే మండే వస్తువు, అందుకే నివాసంవైపు దాన్నీ జిప్సం బోర్డుతో కప్పాలని అదే కోడ్ చెబుతుంది. ఇల్లంతా అలా బిగించేశాక లోపలి చెడుగాలి బయటికి పోవడానికి, మంచిగాలి లోపలికి రావడానికి యంత్రం పెట్టకపోతే, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

మరో అభ్యంతరం చట్టం గురించి. టెక్సాస్‌లో నగర పరిధి దాటాక చాలా కౌంటీల్లో ఇంటి ప్లాను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు ఉండడు. ఎవరూ అడగనప్పుడు ఈ బోర్డులూ తలుపులూ ఎందుకని లెక్కవేసేవారున్నారు. కార్బన్ మోనాక్సైడ్‌కు పొలిమేరలు తెలియవు. అడిగే అధికారి లేని చోట ఆ తనిఖీ ఇంటి యజమాని మీదే పడుతుంది, అంతే తేడా. చవక అన్న వాదన కూడా నిలవదు. కరపత్రంలో రాసిన ధర ఫ్రేముకూ రేకుకూ మాత్రమే. వంటిల్లు, స్నానాల గది, వైరింగు, బోరు, సెప్టిక్ ట్యాంకు, రోడ్డునుంచి గుమ్మందాకా దారి ఏ ఇంటికైనా ఒకేలా ఖర్చు పెట్టిస్తాయి. రేకు మీద మిగిలిన డబ్బును మొదట పెట్టాల్సిన చోటు మధ్య గోడే.

మన ఊళ్ల తీరు చూసినా ఈ తర్కమే కనిపిస్తుంది. పోచంపల్లిలోనైనా మంగళగిరిలోనైనా నేతన్న మగ్గాన్ని ఇంట్లోనే గుంట తవ్వి దించుకున్నాడు. పక్కనే పిల్లలు నిద్రపోయారు, పొయ్యి మీద అన్నం ఉడికింది. కమ్మరి మాత్రం కొలిమిని పడకగది పక్కకు తేలేదు, ఏ చెట్టు కిందో ఏ పందిరి కిందో పెట్టుకున్నాడు. ఇద్దరిదీ ఇంటిపట్టున సాగే పనే. ఏ పనిని కాపురం ఓర్చుకుంటుందో, దేన్ని ఓర్చుకోదో వాళ్లకు తెలుసు. రేకు ఇల్లు కట్టుకోబోయేవారు కాగితం ముందు పెట్టుకున్నప్పుడు తమ వర్క్‌షాప్‌లో ఏం జరుగుతుందో, మగ్గమా కొలిమా, ముందు రాసుకోవాలి. మగ్గమైతే మధ్యలో ఓ గీత గీసి, దాన్ని నేలనుంచి కప్పు మడతల దాకా లాగాలి. కొలిమైతే ఆ గీతకు బదులు ఖాళీ జాగా వదలాలి.