చిన్న పరిశోధన ప్రాజెక్టుకు వ్యయప్రణాళిక: కుసుమంచి మౌఖికకథనాల సేకరణ ఉదాహరణగా

వ్యాససంగ్రహం: క్షేత్రపర్యటన ఆధారంగా సాగే చిన్న ప్రాజెక్టుల ప్రతిపాదనలలో సేకరణకు డబ్బు చూపి, సేకరించినదాన్ని లిఖితరూపంలోకి తేవడానికి చూపకపోవడం తరచుగా కనిపించే లోపం. కుసుమంచి పరిసరాలలో మౌఖికకథనాల సేకరణను ఊహాత్మక ఉదాహరణగా తీసుకొని ఆ లెక్కను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: పరిశోధన ప్రతిపాదన, వ్యయ అంచనా, లేఖనం, వక్తలు, కుసుమంచి.

1. గంటల లెక్క

ఖమ్మం నుండి సూర్యాపేట వెళ్ళే దారిలోని మండలకేంద్రం కుసుమంచి. కాకతీయుల కాలంనాటి గణపేశ్వరాలయం, ముక్కంటేశ్వరాలయం ఇక్కడ ఉన్నాయి. మండలంలో లంబాడా తండాలు ఉన్నాయి. ఆలయాల గురించి ఊరివారు చెప్పే కథలనూ, తండాలలోని కథలనూ సేకరించదలచిన అధ్యాపకుడు సాధారణంగా బస్సు ఛార్జీలతో అంచనా మొదలుపెడతాడు. మొదలుపెట్టవలసింది గంటలతో.

నలభై గంటల ధ్వనిముద్రణ లక్ష్యమనుకుందాం. అందులో సగం తెలుగు, సగం లంబాడీ. గంట తెలుగు సంభాషణను ఉన్నదున్నట్లు రాయడానికి ఐదు గంటలు, లంబాడీని రాసి తెలుగులోకి అనువదించడానికి పది గంటలు పడుతుందనుకుంటే మొత్తం మూడువందల గంటలు. రోజుకు ఆరు గంటల చొప్పున యాభై పనిదినాలు. దినభత్యం 800 రూపాయలైతే 40,000 రూపాయలు. ధ్వనిముద్రణ యంత్రానికి అయ్యే ఖర్చు దీని ముందు స్వల్పం. అయినా ప్రతిపాదనలలో యంత్రం తయారీ సంస్థ పేరుతో సహా ఉంటుంది, లేఖకుడు మాత్రం ఉండడు.

భారతీయ సామాజికశాస్త్ర పరిశోధన మండలి మార్గదర్శకాలలో సిబ్బందికి మొత్తం వ్యయంలో 45 శాతం, క్షేత్రపర్యటనకు 35 శాతం గరిష్ఠ పరిమితులుగా కనిపిస్తాయి. దరఖాస్తు చేసే సంవత్సరపు ప్రకటనలో వాటిని సరిచూసుకోవాలి. రెండు లక్షల ప్రాజెక్టులో 45 శాతమంటే 90,000. లేఖనాన్ని కూడా ఈ పద్దులోనే చూపితే మిగిలేది 50,000. నెలకు పదివేల చొప్పున క్షేత్రసహాయకుడికి అది ఐదు నెలలకే చాలుతుంది. పరిశోధనను పది నెలలకు రూపొందించినవారు ఇక్కడ ఆగి, ధ్వనిముద్రణను నలభై గంటల నుండి తగ్గించాలా, సహాయకుని కాలాన్ని కుదించాలా అన్నది తేల్చుకోవాలి. ఇది పద్ధతికి సంబంధించిన నిర్ణయం. అంచనా పట్టిక వేసేదాకా ఇది బయటపడదు.

2. వక్త కోల్పోయే కూలి

పత్తితీత, మిరపకోత నెలలలో తండాకు వెళ్ళి పగటిపూట కథ చెప్పమంటే వక్త ఆనాటి కూలిని వదులుకోవాలి. ఆ నష్టాన్ని ‘ఇతర ఖర్చులు’ అన్న పద్దులో దాచడం సరికాదు. వక్తల గౌరవభృతి అని విడిగా చూపి, రోజుకింత అన్న లెక్కకు స్థానిక వ్యవసాయకూలిని ఆధారంగా పేర్కొనడం మేలు. చెల్లింపుకు సంతకం లేదా వేలిముద్ర ఉన్న రసీదు తీసుకోవాలి. మొత్తం 5,000 రూపాయలు దాటితే రెవెన్యూ స్టాంపు అవసరం. ఆటో ప్రయాణానికి రసీదు దొరకదు కనుక స్వీయధ్రువీకరణను సంస్థ అంగీకరిస్తుందా అన్నది కళాశాల లెక్కల విభాగాన్ని ముందే అడగాలి.

3. శివరాత్రి, మార్చి 31

ఆలయకథలకు అనువైన సందర్భం శివరాత్రి. అది ఫిబ్రవరిలోనో, మార్చి మొదట్లోనో వస్తుంది. ఆర్థిక సంవత్సరం మార్చి 31న ముగుస్తుంది. నిధులు విడతలుగా వస్తాయి. కేంద్ర నిధులైతే సాధారణ ఆర్థిక నియమావళి-2017 ప్రకారం 12-ఎ నమూనాలో వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి. మొదటి విడతలోనే శివరాత్రి పర్యటన ఖర్చును ఉంచకపోతే, రెండవ విడత అందేసరికి జాతర ముగిసి ఉంటుంది. మళ్ళీ ఏడాది ఆగాలి. ఏడాది కాలపరిమితి గల ప్రాజెక్టుకు ఆ అవకాశం లేదు. చివరి విడత నివేదిక ఆమోదం పొందాకే విడుదలయ్యే చోట, ఆ మేరకు ఖర్చును ముందుగా ఎవరు భరిస్తారో కూడా కళాశాలతో మాట్లాడుకోవాలి.

4. భద్రాచలం వైపు విస్తరిస్తే

తులన కోసం కోయకథలను చేర్చాలన్న ఆలోచన సహజం. కానీ కుసుమంచి నుండి భద్రాచలం వంద కిలోమీటర్లకు పైబడిన దూరం, రాత్రిబస తప్పదు. 2014లో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉంది. భద్రాచలం, చింతూరు ఐ.టి.డి.ఎ.లు వేరువేరు, అనుమతి కోసం రెండుచోట్లా తిరగాలి. కోయభాషకు లేఖకుడినీ వేరుగా చూసుకోవాలి. రెండు లక్షల ప్రాజెక్టులో వీటన్నిటికీ చోటు లేదు. కోయభాగాన్ని మరొక ప్రతిపాదనకు అట్టిపెట్టి, తండాల లేఖనానికి పూర్తి మొత్తం కేటాయించడమే ఆచరణయోగ్యం.