పిల్లల లెక్కలకు పునాది ఇంట్లోనే

పిల్లల చదువు అనగానే మన ఇళ్లలో మొదట గుర్తొచ్చేది ఖుర్‌ఆన్ నాజిరా. ఆ తర్వాత బడిలో తెలుగు, ఇంగ్లీషు. లెక్కల సంగతి మాస్టారు చూసుకుంటారులే అని వదిలేస్తాం. కానీ సంవత్సరాల సంఖ్యను, లెక్కను మనిషి తెలుసుకోవడానికి అల్లాహ్ చంద్రునికి దశలు నిర్ణయించాడని దివ్య ఖుర్‌ఆన్ (యూనుస్ సూరా, 5వ ఆయత్) తెలుపుతోంది. నమాజు వేళలు, రోజాలు, జకాత్, వారసత్వ వాటాలు అన్నీ లెక్కతో ముడిపడినవే. 9వ శతాబ్దంలో బగ్దాద్‌లో బీజగణితంపై గ్రంథం రాసిన అల్ ఖ్వారిజ్మీ అందులో పెద్ద భాగాన్ని వారసత్వ లెక్కలకే కేటాయించాడు.

ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు దాకా మన కుటుంబాలు చాలావరకు చిన్న వ్యాపారాల మీద, చేతిపనుల మీద బతుకుతున్నాయి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, చాలా బడుల్లో ఇంగ్లీషు. ఆరేళ్ల పిల్లవాడికి అంకెలు మూడు పేర్లతో ఎదురవుతాయి.

తెలుగులో ఇరవై తర్వాత ఇరవై ఒకటి, ఇరవై రెండు. పదులు ముందు, ఒకట్లు వెనుక. ఉర్దూలో ఇక్కీస్, బాయీస్ అని ఒకట్లే ముందు వస్తాయి. 59ని 'ఉన్‌సఠ్' అంటాం. అంటే అరవైకి ఒకటి తక్కువ. 'సఠ్' అన్న శబ్దం విని పిల్లవాడు 69 రాస్తే వాణ్ణి మొద్దు అనకండి. తికమక భాషలో ఉంది, బుద్ధిలో కాదు. అదే బెంచీ మీద కూర్చున్న కోయ పిల్లవాడికీ బడి భాష కొత్తే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో కోయతో సహా 8 గిరిజన భాషల్లో తొలి తరగతుల బోధన మొదలుపెట్టింది ఇందుకే. మనమూ అదే దారి పట్టాలి. విషయం ఇంటి భాషలో అర్థం చేయించి, అదే సంఖ్యను తెలుగులో, ఇంగ్లీషులో చెప్పించాలి.

అంకెలు వల్లించడం వేరు, లెక్కించడం వేరు. వంద దాకా గడగడా చెప్పే పిల్లవాడి ముందు 12 చింతగింజలు పోసి చూడండి. ఒక్కో గింజను తాకుతూ ఒక్కో అంకె చెప్పాలి. అయ్యాక "మొత్తం ఎన్ని, బేటా?" అని అడగండి. మళ్లీ మొదటి నుంచి లెక్కపెడితే, చివరి అంకే మొత్తమని వాడికి ఇంకా తెలియలేదన్నమాట. తొందరపడకండి. కొన్నాళ్లు గింజలతోనే ఆడించండి.

తర్వాత పదేసి పుల్లలు కట్ట కట్టించండి. రెండు కట్టలు, మూడు పుల్లలు కలిస్తే 23. ఈ పద్ధతి మన ప్రాంతానికి కొత్తది కాదు. వేసవిలో తునికాకు సేకరించేవారు 50 ఆకులకు ఒక కట్ట కడతారు. బడి ముఖం చూడని తల్లులు కూడా ఆ లెక్క తప్పరు. 'మాకు చదువు రాదు, పిల్లలకేం నేర్పుతాం?' అనే అమ్మీలు ఇది గమనించాలి.

ఇంట్లో అవకాశాలకు కొదవ లేదు. దస్తర్‌ఖాన్ పరిచేటప్పుడు "మనం ఆరుగురం, పళ్లేలు నాలుగే ఉన్నాయి, ఇంకా ఎన్ని కావాలి?" అని అడగండి. అయిదు పూటల ఫర్జ్ రకాతులు 2, 4, 4, 3, 4 కూడితే 17. నమాజు తర్వాతి తస్బీహ్ 33, 33, 34 కలిస్తే 100. సంతలో 14 రూపాయల సరుకుకు 20 ఇచ్చి, 15, 16 అంటూ 20 దాకా వేళ్లు మడిపిస్తే చిల్లర ఆరు రూపాయలని వాడే చెబుతాడు. వామనగుంటలు కూడా మంచి ఆటే, పందెం లేకుండా.

మూడో తరగతి ముగిసేలోగా పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021లో నిపుణ్ భారత్ చేపట్టింది. తెలంగాణలో 2022లో తొలిమెట్టు వచ్చింది. పథకం ఉన్నంత మాత్రాన సరిపోదు. నెలకొకసారి బడికి వెళ్లి "మావాడు తీసివేతలు చేస్తున్నాడా?" అని టీచరును అడగండి. 2016లో మొదలైన మైనారిటీ గురుకులాలు 5వ తరగతి నుంచి పిల్లలను చేర్చుకుంటాయి. అక్కడికి చేరేసరికి పునాది లేకపోతే వెనకబడతారు. వెనకబడినవాడు సిగ్గుపడి బడి మానేస్తాడు, మెకానిక్ షెడ్డుకో పండ్ల బండికో చేరతాడు. అక్కడా లెక్క రానివాడికే నష్టం.

కొట్టి నేర్పిన లెక్క నిలవదు. 'ఆడపిల్లకు లెక్కలెందుకు?' అన్న మాట కూడా మానుకుందాం. రేపు ఇల్లు నడిపేది, తన వాటా తాను తెలుసుకోవలసింది ఆమే. ఇషా తర్వాత రోజుకు పది నిమిషాలు, గుప్పెడు చింతగింజలు చాలు.

అల్లాహ్ మన పిల్లలకు మేలు చేసే జ్ఞానాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.