'రిక్వెస్ట్' అను క్రియ

మన విద్యార్థులు ఆంగ్లమున వ్రాయు మొదటి జాబు తఱచుగా సెలవు చీటియే. అందు "ఐ రిక్వెస్ట్ ఫర్ టూ డేస్ లీవ్" అను వాక్యము మాకు పలుమారు కానవచ్చుచుండును. "ఆస్క్" అను క్రియకు "ఫర్" తోడగుట న్యాయమే. "రిక్వెస్ట్" నామవాచకమైనపుడును న్యాయమే. "మై రిక్వెస్ట్ ఫర్ లీవ్" అనుటలో దోషము లేదు. క్రియయైనపుడు మాత్రము "ఫర్" పొసగదు; "ఐ రిక్వెస్ట్ టూ డేస్ లీవ్" అనవలెను. ("డేస్" పిదప అపాస్ట్రఫీ మఱువరాదు.) మఱికొందఱు "ఐ రిక్వెస్ట్ యూ టూ డేస్ లీవ్" అందురు. ఇది తెలుగు పలుకుబడి. "రాజును ధనము వేడెను" అని మనము ఒక్క క్రియకు రెండు కర్మములను జేర్తుము. ఆంగ్లక్రియ ఆ రెంటిని మోయజాలదు.

సెలవు చీటిలో నష్టమేమియు లేదు. ఉపాధ్యాయుడు నవ్వి సెలవొసగును. అర్జీ సంగతి వేఱు. విజయవాడ యొద్ద కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తియైనది. 1957లో దాని స్థానమున ప్రకాశం బ్యారేజి వచ్చినది. అయినను కాలువ చివరి పొలములకు నీరు చేరుట రైతునకు నేటికిని చింతయే. ఆంగ్లమెఱుగని తండ్రి పక్షమున కుమారుడు "వుయ్ రిక్వెస్ట్ టు రిలీజ్ వాటర్" అని వ్రాసెననుకొందము. దాని యర్థమేమి? తూము తామే యెత్తుకొనుటకు అనుమతి నడుగుచున్నారని! "నీరు విడువవలసినదిగా కోరుచున్నాము" అనినచో, ఆ "వలసినదిగా" యనునదే పని యెదుటివారిదని తెలుపును. ఆంగ్లమున "టు" ఆ పని చేయదు, "యూ" అను పదము నడుమ నుండితీరవలెను: "వుయ్ రిక్వెస్ట్ యూ టు రిలీజ్ వాటర్."

1966 నాటి అధికారభాషా చట్టము తెలుగును రాష్ట్ర అధికారభాషగా జేసినది గనుక, ఇట్టి యర్జీని తెలుగున వ్రాయుటయే మేలని మా యభిప్రాయము. కాని దూరదేశపు కళాశాలకు "ఐ రిక్వెస్ట్ టు సెండ్ మై సర్టిఫికెట్" అని వ్రాసిన బాలుడు, పత్రమును తానే పంపునని వారు తలచి యూరకున్నచో నెవరిని నిందింపగలడు?

మచిలీబందరు మిషనరీయైన ఆర్డెన్ దొర ఆంగ్లేయులకై 1873లో తెలుగు వ్యాకరణము వెలువరించెను. వారికి మన విభక్తులెట్లో, మనకు వారి చిన్నమాటలట్లు.

ఇక తల్లిదండ్రులకొక మాట. ప్రకటన ఫలకముపై "ప్యూపిల్స్ ఆర్ రిక్వెస్టెడ్ టు బి ప్రెజెంట్" అని యున్నచో అది వినయవేషము దాల్చిన యాజ్ఞ యని పిల్లలందఱు నెఱుగుదురు. కావున ప్రధానోపాధ్యాయునకు వ్రాయునపుడు "యూ ఆర్ రిక్వెస్టెడ్" అని మొదలిడక, "ఐ రిక్వెస్ట్ యూ" అనుటయో, "ఐ షుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యూ వుడ్" అనుటయో యుచితము.