వైఫై నాడి చూసే యాప్‌లు

మా ఊరి పేరు ముందున్న 'ఐ' అన్న అక్షరం ఎవరి ఇంటిపేరో అనుకునేవారు ఉన్నారు. అది ఐలెండు, అంటే దీవి. గోదావరి పాయల నడుమ ఉన్న లంకసీమ కనుక ఐలెండు పోలవరమైంది; వాడుకలో ఐ.పోలవరంగా స్థిరపడింది. వంతెనలు వచ్చాక మాది దీవి అన్న సంగతే మేము మరచిపోయాము. కాని ఈ రోజుల్లో ఇంటింటా ఒక కొత్త దీవి వెలుస్తున్నది. ముందు హాల్లో ఫోనులో సినిమా గుర్రంలా పరుగెత్తుతుంది. పడకగదిలోకి వెళ్ళేసరికి అదే ఫోను బిక్కమొగం వేస్తుంది. వైఫై అక్కడికి చేరదు.

చిత్రమేమంటే, తీగ లేకుండా కంప్యూటర్లు మాట్లాడుకోవడం మొదలైనదే దీవుల కోసం. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ ఏబ్రమ్‌సన్ బృందం, సముద్రం మధ్య చెదిరి ఉన్న దీవులలోని వారికి కంప్యూటరును అందించడానికి 'అలోహానెట్' అనే రేడియో ఏర్పాటు చేసింది. వైఫైకి ప్రమాణాలు 1997లో వచ్చాయి. మన కోనసీమలోనే మోరి గ్రామంలో 2016 డిసెంబరు 29న రాష్ట్ర ఫైబర్ పథకం ప్రారంభమైంది. కరెంటు స్తంభాల మీదుగా సన్నని గాజు తీగ ఇళ్ళలోకి వచ్చింది. వీధి దాకా వచ్చిన ఆ వేగం గది దాకా ఎందుకు రాదన్నదే ఇప్పటి చిక్కు.

మా పొరుగింటి ఆవిడ కొడుకు ఇంట్లోంచే హైదరాబాదు ఉద్యోగం చేస్తున్నాడు. ఒకనాడు ఆమె వచ్చి, "మాస్టారూ, మీటింగు మధ్యలో వీడి మాట తెగిపోతోందట. ఇలాగైతే వచ్చి ఆఫీసులోనే కూర్చోమన్నారట. మళ్ళీ ఇంత ఇంట్లో నేనొక్కర్తినేనా?" అన్నారు. కుర్రవాడేమో రెండో కనెక్షను పెట్టించే ఆలోచనలో ఉన్నాడు. డబ్బు ఖర్చు పెట్టేముందు నాడి చూద్దామన్నాను.

నాడి చూసేది ఒక చిన్న యాప్. 'వైఫై ఎనలైజర్' అన్న పేరుతో ఇటువంటివి ఎన్నో దొరుకుతాయి. ఇది చేసే పని వినడమే. ప్రతి రౌటరూ సెకనుకు సుమారు పదిసార్లు తన పేరు, తన ఛానెలు, తన తాళం ఎటువంటిదో చాటింపు వేస్తూ ఉంటుంది. యాప్ ఆ చాటింపులు విని, ఏది ఎంత గట్టిగా వినబడుతున్నదో డెసిబెల్ అంకెలలో చూపుతుంది. అవన్నీ మైనస్ అంకెలే. సున్నాకు దగ్గరైన కొద్దీ మేలు. మైనస్ 40 అంటే దివ్యంగా ఉన్నట్టు. మైనస్ 65 దాకా మాటకూ బొమ్మకూ లోటు లేదు. మైనస్ 80 దాటితే నాడి అందనట్టే. పది అంకెల తేడా అంటే బలంలో పదిరెట్ల తేడా అని గుర్తుంచుకోవాలి.

ఆ ఇంట్లో గది గదికీ తిరిగి అంకెలు కాగితం మీద రాసుకున్నాము. హాల్లో మైనస్ 42, కుర్రవాడి గదిలో మైనస్ 84! రౌటరు ఇనప బీరువా వెనక నేలమీద ఉన్నది. ఇనుము తరంగాలను వెనక్కు కొడుతుంది, నీళ్ళు మింగేస్తాయి. ఫ్రిజ్జు, నీళ్ళ ట్యాంకు, తడిసిన కొబ్బరాకు, మందపాటి గోడ — అన్నీ అడ్డమే. రౌటరును నడవ గూట్లో ఎత్తున పెట్టించాము. గదిలో అంకె మైనస్ 64కు వచ్చింది. అంటే బలం నూరురెట్లు పెరిగింది. ఖర్చు నాలుగు మేకులూ, కాస్త తీగా.

అమలాపురంలో అపార్టుమెంటువారి బాధ వేరు. అక్కడ అంకె బాగానే ఉన్నా పని సాగదు. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో మన దేశంలో ఛానెళ్ళు 13. కాని ఒకదానినొకటి ఒరుసుకోకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. ఒకే బోదె మీద పదిమంది రైతులు ఒక్కసారే మళ్ళు తడుపుకోబోతే ఏమవుతుందో అదే అక్కడా అవుతుంది. ఏ బోదె ఖాళీగా ఉన్నదో యాప్ గీతలలో చూపుతుంది. 5 గిగాహెర్ట్జ్ పట్టీ విశాలమైనదే కాని, గోడ దాటితే నీరసిస్తుంది.

నాడి చూడడం వేరు, వైద్యం వేరు. ఈ యాప్ రౌటరుకూ ఫోనుకూ మధ్య సంగతే చెబుతుంది. గాలివానకు వీధిలో తీగ తెగినా, ఇంట్లో అంకె మైనస్ 40 అనే చూపుతుంది. మరొక మాట. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి ఇటువంటి యాప్ రెండు నిమిషాలలో నాలుగుసార్లే వినగలిగేలా కట్టడి పెట్టారు. అందుచేత నడుస్తూ చూడక, ఒక్కొక్కచోట అర నిమిషమైనా ఆగి చూడాలి. ఐఫోనులో ఆపిల్ బయటి యాప్‌లకు ఈ వివరాలు ఇవ్వదు.

ఈ వైద్యుడు మన నాడి చూస్తూ మన చిరునామా కూడా అడుగుతాడు. చుట్టూ ఉన్న రౌటర్ల జాబితాను బట్టి మనిషి ఎక్కడున్నాడో పసిగట్టవచ్చు. అందుకే స్థలం తెలుసుకునే అనుమతి ఇస్తేగాని ఇవి పనిచేయవు. మూలరచన అందరికీ తెరిచి ఉంచి, ఇంటర్నెట్ అనుమతి అడగని యాప్‌లు కూడా ఉన్నాయి. వాటిని ఎంచుకోవడం మంచిది. పొరుగువారి పాస్‌వర్డ్ పట్టి ఇస్తామనే వాటి జోలికి పోవద్దని పిల్లలకు చెప్పండి. దురుద్దేశంతో ఇతరుల నెట్‌వర్కులో చొరబడడం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ప్రకారం నేరం.

మీ ఇంటి తాళాన్ని కూడా ఓసారి చూసుకోండి. యాప్‌లో మీ పేరు పక్కన 'డబ్ల్యుపిఎ 2' గాని 'డబ్ల్యుపిఎ 3' గాని ఉంటే నిశ్చింత. 'డబ్ల్యుఇపి' అని ఉంటే, ఆ తాళం లోపం 2001లోనే బయటపడింది. 'ఓపెన్' అని ఉంటే తలుపు బార్లా తెరిచి నిద్రపోతున్నట్టే.

కొత్త పరికరం కొనేముందు ఒక ఆదివారం పూట ఇంటిల్లిపాదీ ఈ పరీక్ష చేసి చూడండి. సగం ఇళ్ళలో కాకపోయినా కొన్ని ఇళ్ళలోనైనా, జబ్బు కనెక్షనులో లేదు, బీరువా వెనక ఉందని తేలుతుంది. మా పొరుగింటి కుర్రవాడు ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు.