సోర్స్ ఫైలు చెడినప్పుడు: బ్యాచ్ లోడింగ్‌లో వైఫల్యాల నిర్వహణ

గత పాఠంలో బ్యాచ్ లోడింగ్ అంటే ఏమిటో తెలుసుకున్నారు. పోగైన సమాచారాన్ని ఫైలుగా తెప్పించుకొని, మనిషి ప్రమేయం లేకుండా, నిర్ణీత వేళకు డేటాబేస్‌లోకి ఎక్కించే పద్ధతి అది. అక్కడ ఫైలు సక్రమంగానే వస్తుందని అనుకొని చర్చ సాగించాం. నిజానికి ఇటువంటి ప్రోగ్రాం రాసేవారి శ్రమలో ఎక్కువ భాగం ఫైలు సక్రమంగా రాని రోజుల కోసమే. ఈ భాగంలో ఆ రోజుల గురించి చెప్పుకుందాం.

ఇది కేవలం సాంకేతిక విషయం కాదు. 2018 మే నెలలో తెలంగాణలో రైతుబంధు పథకం మొదలైనప్పుడు మొదటి విడత సాయాన్ని, ఎకరాకు 4,000 రూపాయల చొప్పున, చెక్కుల రూపంలో పంచారు. ఆ ఏడాది యాసంగికి సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాల్లో పడింది. చెక్కు రాకపోతే పంచేచోటే నిలబడి అడగవచ్చు. ఖాతాలో వేసే పద్ధతిలో తన పేరు ఏ ఫైలులో, ఏ వరుస దగ్గర ఆగిందో రైతుకు కనిపించదు. అది చూడవలసింది ప్రోగ్రామే.

పాఠం కోసం ఒక ఉదాహరణ కల్పించుకుందాం. ఒక సాయం పథకంలో ప్రతి మండలం నుంచి లబ్ధిదారుల ఫైలు రాత్రి 10 గంటలలోగా జిల్లా సర్వర్‌కు చేరాలి. 11 గంటలకు లోడింగ్ జాబ్ మొదలవుతుంది. వాటిలో సిద్దిపేట జిల్లా బెజ్జంకి మండలం ఫైలును గమనిద్దాం.

రాని ఫైలు, సగం వచ్చిన ఫైలు

11 గంటలైంది, బెజ్జంకి ఫైలు రాలేదు. కొత్తగా నేర్చుకున్నవారు రాసే ప్రోగ్రాం ఇక్కడ సాధారణంగా రెండింటిలో ఒకటి చేస్తుంది. జాబ్ మొత్తాన్ని ఆపేస్తుంది, లేదా ఫైలు లేదు కనుక పనీ లేదనుకొని లాగ్‌లో ‘విజయవంతం’ అని రాసుకుంటుంది. మొదటి దానివల్ల ఒక మండలం కోసం మిగతా మండలాలన్నీ ఆగిపోతాయి. రెండోది ఇంకా ప్రమాదకరం. తెల్లారి చూసేవారికి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. సరైన పద్ధతి ఏమిటంటే, పది నిమిషాలకొకసారి చొప్పున ఒక గడువు వరకు వెతకాలి. అప్పటికీ రాకపోతే ఆ మండలాన్ని ‘ఫైలు రాలేదు’ అని గుర్తించి, మిగతావాటిని లోడ్ చేసి, సంబంధిత ఉద్యోగికి సందేశం పంపాలి. మళ్లీ ప్రయత్నించడం అనేది నెట్‌వర్క్ తెగిపోవడం వంటి తాత్కాలిక కారణాలకే పనికొస్తుందని మరవకండి. కాలమ్‌ల వరుస తప్పిన ఫైలును పదిసార్లు చదివినా పదిసార్లూ తప్పే.

సగం వచ్చిన ఫైలు మరో చిక్కు. పంపేవారి వైపు నుంచి కాపీ ఇంకా సాగుతుండగానే మన జాబ్ దాన్ని తెరుస్తుంది. ఉన్నంతవరకు చదివి సంతృప్తి పడుతుంది. దీనికి రెండు జాగ్రత్తలు ఉన్నాయి. పంపేవారు ఫైలును తాత్కాలిక పేరుతో పంపి, పూర్తయ్యాకే అసలు పేరుకు మార్చాలి. ఫైలు చివరి వరుసలో మొత్తం రికార్డులెన్నో, వాటి సొమ్ము మొత్తమెంతో రాయాలి. ఈ చివరి వరుసను ట్రైలర్ రికార్డు అంటారు. మన కిరాణా దుకాణాల చిట్టా అడుగున వేసే మొత్తం లాంటిదే ఇది. మనం చదివిన లెక్క దానితో సరిపోకపోతే ఆ ఫైలులో ఒక్క రికార్డును కూడా తీసుకోకూడదు. ఇందులో ఇంకో లాభం ఉంది: ‘ఈ రోజు రికార్డులు సున్నా’ అని ట్రైలర్‌తో వచ్చిన ఫైలుకు, ఏమీ లేకుండా వచ్చిన ఖాళీ ఫైలుకు తేడా తెలుస్తుంది. మొదటిది సమాచారం, రెండోది వైఫల్యం.

లెక్క సరిచూడకపోతే ఏమవుతుందో 2020లో ఇంగ్లండ్‌లో కనిపించింది. ల్యాబుల నుంచి వచ్చిన కోవిడ్ ఫలితాల ఫైళ్లను పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ సంస్థ పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి తీసుకునేది. ఆ ఫార్మాట్‌లో ఒక షీటుకు 65,536 వరుసలే పడతాయి. అంతకు మించినవి రాలిపోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 మధ్య 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి చేరలేదు. వారితో మెలిగినవారిని వెతికే పని కూడా ఆలస్యమైంది. ఎంత వచ్చింది, ఎంత చేరింది అనే రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ఉంటే మొదటి రోజే తెలిసేది.

వచ్చినా చెల్లని ఫైలు

ఫైలు వేళకు వచ్చింది, లెక్కా సరిపోయింది. అయినా లోపలి విషయం చెల్లకపోవచ్చు. బెజ్జంకినే చూడండి. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయినప్పుడు, అప్పటివరకు కరీంనగర్ జిల్లాలో ఉన్న ఈ మండలం కొత్త సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. ఒక కార్యాలయం జిల్లా కోడ్ మార్చి, మరొకటి మార్చలేదనుకోండి. ఆ రాత్రి బెజ్జంకి రికార్డులన్నీ ‘జిల్లాకు, మండలానికి పొంతన లేదు’ అని తిరస్కరణకు గురవుతాయి. రైతు మారలేదు, పొలం కదలలేదు. కోడ్ మాత్రం మారింది. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు వేరే బ్యాంకుల్లో విలీనమయ్యాక, పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లున్న జాబితాలకూ ఇదే సమస్య. అందుకే కోడ్‌ల పట్టికలో ప్రతి కోడ్‌కూ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో రాసి ఉంచాలి. లేకపోతే 2015 నాటి రికార్డును మళ్లీ లోడ్ చేయవలసి వచ్చిన రోజున అది కూడా చెల్లకుండా పోతుంది.

తెలుగు లిపితో వచ్చే చిక్కు ఇంకొకటి. ‘బెజ్జంకి’ని ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే 8 బైట్లు. తెలుగులో యూనికోడ్ సంకేతాలు కూడా ఎనిమిదే, కాని యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది కనుక మొత్తం 24 బైట్లు. ఊరి పేరుకు 20 బైట్లు చాలనుకున్న ప్రోగ్రాం దాన్ని ‘బెజ్జం’ దగ్గర కోసి, చివర రెండు అర్థంలేని బైట్లు మిగులుస్తుంది. స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి సేవ్ చేసిన ఫైళ్లలో ఖాతా నంబరు ముందున్న సున్నాలు పోవడం, 15 అంకెలు దాటిన నంబర్లలో ఆ పైనున్న అంకెలు సున్నాలుగా మారడం కూడా మామూలే. ఖాతా నంబరును సంఖ్యగా కాక అక్షరాలుగానే చదివించండి.

చెడ్డ రికార్డు కనిపిస్తే మొత్తం ఫైలును తిప్పి పంపాలా, ఆ రికార్డును మాత్రం పక్కన పెట్టాలా? నా అభిప్రాయంలో తిరస్కరణల నిష్పత్తే జవాబు చెబుతుంది. నూటికి ఒకటో రెండో చెల్లకపోతే తప్పు ఆ రికార్డులది. వాటిని కారణంతో సహా తిరస్కరణ పట్టికలో ఉంచి మిగతావి లోడ్ చేయండి. ఒక మండలం మొత్తం చెల్లకపోతే తప్పు రైతులది కాదు, ఫైలుదో మన కోడ్‌ల పట్టికదో అయి ఉంటుంది. అప్పుడు ఆ ఫైలును పూర్తిగా ఆపాలి. ఈ హద్దు ఎంత అన్నది కార్యాలయం ముందే నిర్ణయించాలి గాని, అర్ధరాత్రి ప్రోగ్రామర్‌కు వదిలేయకూడదు. తిరస్కరణ పట్టికకు బాధ్యుడైన ఉద్యోగి, సరిదిద్దవలసిన గడువు కూడా ఉండాలి. అవి లేని పట్టిక రైతు పేరును దాచిపెట్టే చోటుగా మారుతుంది.

మళ్లీ నడపడం

సరిచేసిన ఫైలు మరునాడు వస్తుంది, జాబ్‌ను మళ్లీ నడుపుతారు. ఇక్కడ భయం వేరు: నిన్న లోడైనవారికి ఇవాళ రెండోసారి సొమ్ము వెళ్లకూడదు. ఇందుకోసం ముందుగా రికార్డులను స్టేజింగ్ టేబుల్‌లోకి తీసుకొని పరీక్షలన్నీ అక్కడే జరపాలి. నెగ్గినవాటిని ఒకే ట్రాన్సాక్షన్‌గా అసలు టేబుల్‌లోకి మార్చాలి. మధ్యలో కరెంటు పోతే ఆ మార్పు మొత్తం రద్దవుతుంది, సగంలో మిగలదు. పథకం, సీజన్, పాసుపుస్తకం నంబరు కలిపి ఒక ప్రత్యేక కీ ఏర్పరిస్తే అదే చెల్లింపు రెండోసారి చేరబోయినప్పుడు డేటాబేసే అడ్డుకుంటుంది. ఫైలు పేరును మాత్రం నమ్మవద్దు. పేరు మార్చి అదే ఫైలును పంపేవారుంటారు. ఫైలు లోపలి విషయం నుంచి లెక్కగట్టిన చెక్‌సమ్‌ను రిజిస్టరులో ఉంచి పోల్చాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

బెజ్జంకి మండలం నుంచి సోమవారం వచ్చిన ఫైలు లోడైంది. మంగళవారం అదే సీజన్‌కు మరో పేరుతో ఇంకో ఫైలు వచ్చింది. ట్రైలర్ లెక్క సరిపోయింది. రికార్డుల్లో ఎక్కువ భాగం సోమవారం నాటివే, కొన్ని కొత్తవి, మూడింటిలో పాసుపుస్తకం నంబరు అదే, సొమ్ము మాత్రం వేరు. చెక్‌సమ్ పోలిక ఇక్కడ ఎందుకు చాలదు? ఈ మూడు రకాల రికార్డులను మీ ప్రోగ్రాం ఏం చేయాలి? సొమ్ము మారిన మూడింటి సంగతి ప్రోగ్రాం తేల్చాలా, ఉద్యోగి తేల్చాలా? కారణాలతో పది పంక్తుల్లో రాయండి.