కొలాబా అంకెలు

అయస్కాంత సూచి ఉత్తరదిక్కును చూపునని బడిపిల్లలందరు ఎరుగుదురు. పగటివేళ అది కదలక నిలువదని ఎరిగినవారు అరుదు. 1722లో లండను నగరమున జార్జి గ్రాహమను గడియారముల నిపుణుడు సన్నని సూచిని నిర్మించి, ఓపికతో పరికించి ఈ వింతను కనిపెట్టెను. ఉదయమున ఒకింత తూర్పునకు, మధ్యాహ్నమున పడమటికి ఒరిగి, రాత్రికి సద్దుమణుగుట అచట దాని నిత్యకృత్యము.

దీనికి కారకుడు సూర్యుడు. ఆయన కిరణములు భూమికి సుమారు 100 కిలోమీటర్ల ఎత్తుననున్న పలుచని గాలికి విద్యుదావేశము కలిగించును. ఎండవేడిమికి ఆ గాలి కదలినపుడు, భూమి అయస్కాంతత్వము వలన అందు విద్యుత్ప్రవాహములు పుట్టును. క్రిందనున్న సూచి వానికి తలయూపును. ఇది సూర్యుని శాంతమూర్తి.

రౌద్రమూర్తిని 1859 సెప్టెంబరు 1వ తేదీ ఉదయమున ఇంగ్లండులో రిచర్డ్ కారింగ్టను చూచెను. ఆయన దూరదర్శినితో సూర్యబింబమును ఒక ఫలకముపై పడజేసి మచ్చలను చిత్రించుచుండగా, ఒక పెద్ద మచ్చల గుంపు నడుమ రెండు తెల్లని మెరుపులు వెలిగెను. సాక్షిని పిలుచుకొని రాబోయి నిమిషములోనే మరలి వచ్చుసరికి అవి వెలవెలబోయెను. పదునేడు గంటల పైచిలుకు గడచునప్పటికి భూమిపై అయస్కాంత తుపాను చెలరేగెను. తంతి కార్యాలయములలో నిప్పురవ్వలు లేచినవి. కొన్నిచోట్ల బ్యాటరీలు తొలగించినను వార్తలు నడచినవట!

సూర్యుని నుండి వెడలిన విద్యుత్కణముల మేఘము తాకినపుడు భూమి చుట్టును ఒక ప్రవాహవలయము బలపడును. అది భూమి అయస్కాంత బలమునకు ఎదురు నిలుచును. ఆ బలమెంత తగ్గెనో తెలిసినచో తుపాను తీవ్రత తెలియును. ఇంగ్లండు వేధశాలలలో సూచి కదలికను ఛాయాచిత్ర పత్రములపై తామే గీయు యంత్రములుండెను. తుపాను ఉధృతికి గీత కాగితపు అంచు దాటిపోయెను. బొంబాయిలోని కొలాబా వేధశాలకు అట్టి యంత్రము నాటికి లేదు. అచటివారు కంటితో చూచి అంకెలు వ్రాసికొనువారు. సెప్టెంబరు 2న సూచి చెదరుట కనిపెట్టి, గంటకొకసారి చూచుట చాలదని, కొలది నిమిషములకొకసారి చూచి వ్రాసిరి. బీదతనమే ఇచట వరమైనది. 2003లో శాస్త్రజ్ఞులు ఆ పత్రములను మరల పరిశీలించి, బలము సుమారు 1,600 నానోటెస్లాలు పడిపోయినదని గణించిరి. నెమ్మదియైన దినమున ఆ మార్పు పదులలోనే యుండును.

ఈ లెక్కల పరంపర ఒకమారు తెగిపోవలసినదే. బొంబాయి ట్రాములకు గుర్రములను మాన్పి విద్యుత్తు పెట్టదలచిరి. ఆ విద్యుత్తు ప్రక్కననుండగా సూచి మాటను నమ్మరాదు. కొలాబాకు తొలి భారతీయ డైరెక్టరైన నానాభాయ్ మూస్ అలీబాగునందు, అయస్కాంతమునకు లొంగని సామగ్రితో క్రొత్త వేధశాలను కట్టించెను. 1904 నుండి 1906 వరకు రెండుచోట్లను ఏకకాలమున కొలిచి, పాత అంకెలను క్రొత్తవానితో ముడివేసెను. పరిశీలకునికి ఉండవలసిన బుద్ధి ఇదియే. 1907లో విద్యుత్ ట్రాములు నడచినవి, 1964లో నిలిచిపోయినవి. అలీబాగు లెక్క మాత్రము ఆగలేదు.

2024 మే నెలలో మరియొక పెద్ద తుపాను వచ్చినపుడు లడఖ్‌లోని హాన్లే ఆకాశము ఎర్రబారెను. అప్పటికే మన ఆదిత్య-ఎల్1 నౌక భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున, సూర్యుని దిక్కున కాపుండెను. అందును అయస్కాంత బలమును కొలుచు సాధనమొకటి కలదు. దానిని శ్రీహరికోట నుండి ప్రయోగించినది 2023లో. తేదీ కొలాబావారు అంకెలు వ్రాసిన ఆ సెప్టెంబరు 2 యే.